చిల్లర

వారాసిగూడ మూడో గల్లీల
దుకాణం షట్టరు సగం లేపంగనే
తబ్రేజ్ మోపెడ్ ఆగింది.
బిస్కెట్ల డబ్బాలు దించి, నూనె పాకిట్లు దించి
అన్నిటికన్న అడుగున దాచిన అట్టపెట్టె ఆఖరికి తీసిండు.
"అక్కా, కొత్త మాలు. నిన్న రాత్రే దిగింది."

పెట్టె కోస్తే అన్నీ రంగులే.
ఎలుగుబంట్లు, పాములు, పండ్ల ముక్కలు,
ఒత్తితే లోపలికి పోయి మళ్ళ పైకొచ్చేటివి,
చెవి తమ్మె లెక్క మెత్తగ.
వాటి పక్కన చాక్లెట్ బిళ్ళలు,
రేపర్ల మీద అక్షరాలు తెగిన ముగ్గు లెక్కున్నయి.
ఏ దేశందిరా అంటే నవ్విండు:
"పైసలైతే ఈ దేశంవే ఇయ్యాలె అక్కా."

ఉప్పు సంచి మీదికెక్కి
షాంపూ దండల పక్కన గమ్మీ పొట్లాలు ఏలాడదీసిన.
దుకాణం కొత్త కమ్మలు పెట్టుకున్నట్టయింది.

పాల కోసమొచ్చిన రుక్కుబాయమ్మ
అద్దాలు కొంగుతోని తుడుచుకొని
"బొక్కల జిగురు కలుపుతరంట గద వీట్ల,
పచ్చ చుక్క ఉన్నదా సూడు" అన్నది.
ఆమె పోకముందే హఫీజా, తమ్ముని చెయ్యి పట్టుకొని:
"ఆంటీ, జెలటిన్ దేనిది?
అమ్మీ పూచ్‌కో లావ్ బోలే."

ఇద్దరికీ ఒకటే పొట్లం
ఎండకు పట్టి, తిప్పి తిప్పి చదివిన.
చీమల కన్న సన్న అక్షరాలు.
ఏడో తరగతిల ఆపిన చదువు
ఎలుగుబంటి ఈపు మీద మళ్ళ మొదలైంది.
చుక్క దొరికింది, మడత లోపల,
పచ్చగ, దొంగ లెక్క.

గల్లా పక్కన గాజు సీసా ఉన్నది.
కాఫీ చాక్లెట్లు, నిమ్మతొనలు, పిప్పరమెంట్లు.
ఎవరూ అడిగి కొన్నవి కావు.
అవి నా చిల్లర.
రూపాయి లేకుంటే ఒకటి,
రెండు లేకుంటే రెండు.
పెద్దమనుషులు గొణుక్కుంట జేబుల ఏసుకునేటోళ్ళు.
ఇంటికాడ ఆ జేబులు తడిమే పిల్లలకు
గొణుగుడు తెల్వదు, తీపే తెలుసు.
ఒకనాడు మేస్త్రీ పోచయ్య
నెలంతా కూడబెట్టిన చాక్లెట్లు గల్లా మీద గుమ్మరించి
"చెల్లె, వీటికి పావుకిలో చక్కెర కట్టు" అన్నడు.
కట్టిన.
నేను అచ్చేసిన నోట్లు నేనే చెల్లవంటనా?

ఇప్పుడు ఈ మాట్లాడే డబ్బా వొచ్చింది.
పదకొండు రూపాయలు ముట్టినయని
గల్లీ మొత్తానికి చాటింపేస్తది.
పదకొండంటే పదకొండే.
ఎవరికెవరూ రూపాయి బాకీ లేరు.
సీసాల చాక్లెట్లు కాగితాలకు అతుక్కపోయినయి.

మధ్యాహ్నం కరెంటు పోయింది.
పెరుగు పాకిట్ల నడుమ పండబెట్టిన ఫారిన్ చాక్లెట్
ఒళ్ళు ఇడిచిపెట్టింది.
పొద్దుగూకే యాళ్ళకు మళ్ళ గట్టిపడ్డది గని
మొఖమంతా తెల్లగ, బూడిద రాసినట్టు.
నూట యాభైది. ఎవరికి అంటగట్టను?
ఇరిచి నోట్లేసుకున్న.
చేదు. అటెన్క పాలు. అటెన్క,
ఎన్నడు పట్టిందో,
నా ఫ్రిజ్‌ల కొత్తిమీర వాసన.

అప్పుడే అనస్ ఉరికొచ్చిండు, హఫీజా తమ్ముడు.
అరచెయ్యి తెరిస్తే ఎర్ర ఎలుగుబంటి,
దాని పొట్టల దిగబడి తెల్లని పన్ను.
వారం సంది ఊగుతున్న పన్ను,
వాళ్ళమ్మ దారం కట్టినా ఊడని పన్ను.
"ఆంటీ, దీంట్ల పన్నున్నది. పైసల్ వాపస్."
మాటల నడుమ గాలి పోతుంది.
"అది నీదే గదరా!"
"పొట్లం మీద రాసున్నదా?"

డబ్బా వాపసు ఇయ్యదు. దానికి తీసుకునుడే తెలుసు.
సీసా అందుకున్న. మూత రాలే.
గల్లా అంచుకు రెండుసార్లు కొట్టి తిప్పితే
నిమ్మతొనలు రెండు
ఒకదాన్నొకటి కరుచుకొని పడ్డయి.
"ఇగో, చిల్లర" అన్న.
"చిల్లర అంటే?" అన్నడు,
అప్పటికే బుగ్గల పెట్టుకొని.